ఎల్లాప్రగడ సుబ్బారావు

నిజామాబాదు జిల్లాలోని బోధను ప్రాంతము చెరకుతోటలకు పేరొందినది. నిజాంసాగరు కాలువనీటితో పెరిగిన చెరకు అచ్చటి నిజాం చక్కెర కర్మాగారమునకు చేరెడిది. 1930ల చివర నెలకొల్పబడిన ఆ కర్మాగారము 2015లో మూతపడినది. చెరకురసమును సున్నముతో శుద్ధిచేసి కాచినచో నీరు ఆవిరియై పోవును. ద్రవములో కరగియున్న చక్కెర ఘనరూపమున పలుకులు కట్టును. ఆ చక్కెరను నిప్పులో వేసినచో మండి వేడినిచ్చును. దానినే తిన్న బాలుడు ఉత్సాహముతో పరుగెత్తును. కాని వాని దేహమున మంట పుట్టదు. మరి చక్కెరలోని శక్తి కండరములకు ఎట్లు చేరుచున్నది? ఈ విషయమును లోకమునకు తెలియజేసినవారిలో ముఖ్యుడు తెలుగువాడైన ఎల్లాప్రగడ సుబ్బారావు.

సుబ్బారావు 1895 జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించెను. మెట్రిక్యులేషను పరీక్షయందు రెండుమారులు తప్పి, మూడవమారు కృతార్థుడయ్యెను. అతని సోదరులిద్దరు స్ప్రూ అను జీర్ణవ్యాధికి బలియైరి. మద్రాసు వైద్యకళాశాలలో చదువునపుడు ఖద్దరు ధరించి ఆచార్యుని ఆగ్రహమునకు గురియయ్యెను. అందుచే ఎం.బి.బి.ఎస్. పట్టమునకు బదులు తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టమే లభించెను. అయినను అధైర్యపడక అమెరికాకు పోయి, బోస్టను నగరమున ఆసుపత్రిలో రాత్రివేళ కూలిపని చేయుచు హార్వర్డు విశ్వవిద్యాలయమున చదివెను.

అచ్చట ఫిస్కే అను శాస్త్రజ్ఞునితో కలిసి, 1925లో దేహద్రవములయందలి భాస్వరమును కొలుచు పద్ధతిని ప్రకటించెను. ఆ పరిశోధనయే 1929లో కండరములనుండి ఏ.టి.పి. అను పదార్థమును కనుగొనుటకు దారితీసెను. అదే సంవత్సరము జర్మనీలో లోమన్ అను శాస్త్రజ్ఞుడును దానిని వేరుగా కనుగొనెను.

మంట శక్తిని ఒక్కమారుగా వెదజల్లును. దేహమట్లు చేయదు. చక్కెర జీర్ణమైన పిదప ప్రాణవాయువుతో మెల్లమెల్లగా చర్య నొందును. వెలువడిన శక్తిలో కొంత వేడిగా పోవును, కొంత ఏ.టి.పి. అణువులలో నిలువయుండును. ఈ అణువునందు మూడు ఫాస్ఫేటు భాగములు గొలుసువలె వరుసగా నుండును. నీటితో చర్య జరిగి చివరిభాగము విడిపోవునపుడు వెలువడు శక్తియే కండరములను కదలించును. పిదప ఆహారమునుండి లభించు శక్తితో ఆ భాగము మరల చేరును. పెద్దనోటును చిల్లరగా మార్చుకొని అవసరమునకు తగినంత వ్యయపరచినట్లే దేహము శక్తిని వాడుకొనుచున్నది.

ఇంతటి కృషి చేసినను హార్వర్డులో సుబ్బారావునకు స్థిరమైన పదవి లభింపలేదు. 1940లో అతడు లెడర్లే పరిశోధనాలయమున చేరెను. అతని నాయకత్వమున శాస్త్రజ్ఞులు ఫోలికామ్లమును కృత్రిమముగా తయారుచేసిరి. తన సోదరులను కబళించిన స్ప్రూ వ్యాధి చికిత్సకు అది తోడ్పడెను. బోదకాలు వ్యాధికి హెట్రజాను అను ఔషధమును అచ్చటనే వెలువడెను.

స్వదేశమును మరల చూడకయే సుబ్బారావు 1948 ఆగస్టులో న్యూయార్కు రాష్ట్రమున కన్నుమూసెను. బ్రతికియున్నపుడు అతనికి తగిన కీర్తి దక్కలేదు. కాని చెరకుముక్క నమిలి ఆటకు పరుగిడు ప్రతి బాలుని కండరములలోను అతడు కనుగొన్న సత్యము నిత్యము పనిచేయుచునే యున్నది. పరీక్షలో తప్పుట విద్యకు అంతము కాదనియు, పట్టుదలయే నిజమైన పట్టమనియు అతని జీవితము బోధించుచున్నది.