కార్ల్ బార్త్ – సంఘము కొరకు దైవశాస్త్రము

దైవశాస్త్రము అనగానే అది సెమినరీలో చదువుకొనేవారి పని, మనకెందుకు అనుకొనే విశ్వాసులు మన సంఘములలో ఎందరో ఉన్నారు. అయితే 20వ శతాబ్దపు దైవశాస్త్రమును మలుపు త్రిప్పిన గ్రంథము ఒక గ్రామ సంఘపు పాస్టరుగారి బల్ల మీద పుట్టినది.

కార్ల్ బార్త్ 1886 మే 10న స్విట్జర్లాండులోని బాసెల్ పట్టణములో జన్మించారు. జర్మనీలో పేరుపొందిన పండితుల యొద్ద చదివి, 1911లో సాఫెన్‌విల్ గ్రామమునకు పాస్టరుగా వెళ్లారు. అక్కడి మిల్లు కార్మికుల జీతముల కొరకు యజమానులకు ఎదురు నిలిచారు. ప్రతి ఆదివారము వారికి ఏమి చెప్పవలెనన్నదే ఆయన భారము. 1914లో యుద్ధము వచ్చినప్పుడు, ఆయన గురువులలో కొందరు దానిని సమర్థించుచు సంతకములు చేశారు. వారి బోధపై ఆయనకున్న నమ్మకము కూలిపోయినది. మరల బైబిలు తెరచి, రోమీయులకు వ్రాసిన పత్రికను క్రొత్తగా చదివారు. దానిపై ఆయన వ్రాసిన వ్యాఖ్యానము 1919లో వెలువడినది. 1922లో దానిని పూర్తిగా తిరగ వ్రాశారు. మన భక్తి గాని, నాగరికత గాని, జాతి గాని దేవుడు కాదు. క్రీస్తునందు దేవుడే తన్నుతాను తెలియజేసికొనును అన్నదే ఆయన బోధ.

డాక్టరేటు లేకపోయినను 1921లో ఆయనకు గొట్టింగెన్ విశ్వవిద్యాలయములో ఆచార్య పదవి లభించినది. హిట్లరు ప్రభుత్వము సంఘమును లోబరచుకొన జూచినప్పుడు, క్రీస్తు ఒక్కడే సంఘమునకు ప్రభువని చాటిన 1934 నాటి బార్మెన్ ప్రకటనను ప్రధానముగా వ్రాసినది ఆయనే. హిట్లరుకు షరతులు లేని ప్రమాణము చేయ నిరాకరించినందున 1935లో బాన్‌లోని ఉద్యోగము పోయి, బాసెల్ చేరారు. ఆ ప్రకటనలో యూదుల పక్షమున మాట్లాడకపోవుట తన దోషమేనని వృద్ధాప్యములో ఒప్పుకొన్నారు.

క్రైస్తవ సిద్ధాంతములన్నిటిని క్రమముగా వివరించు ఆయన మహాగ్రంథము 1932 నుండి 1967 వరకు సంపుటములుగా వెలువడినది. అనేక వేల పుటలు వ్రాసినను అది ముగియలేదు. అంతటి పండితుడు, బాసెల్ జైలులోని ఖైదీలకు సామాన్యమైన మాటలతో ప్రసంగించేవారు. 1968 డిసెంబరు 10న ప్రభువునందు నిద్రించారు.

సంఘము పలుకు మాట క్రీస్తు మాటయేనా అని పరీక్షించుటే దైవశాస్త్రపు పని అని ఆయన జీవితము నేర్పుచున్నది. శతవార్షికోత్సవము జరుపుకొను మనము కూడ ఈ ప్రశ్న వేసికొందము: మన ప్రసంగ పీఠము నుండి, మన కమిటీల నుండి వినబడునది క్రీస్తు స్వరమా, లేక కులము, ధనము, పదవుల స్వరమా?