వంటగదిలో పుట్టిన పియానో

హార్మోనియం మీట నొక్కితే గాలి పలుకుతుంది. పియానో మీట నొక్కితే లోపల మెత్తటి తొడుగున్న చిన్న సుత్తి తీగపై కొడుతుంది. తీగలు నేలకు సమాంతరంగా, పక్షి రెక్క ఆకారంలోని పెట్టెలో అమర్చి ఉంటే దాన్ని గ్రాండ్ పియానో అంటారు. అలాంటి పియానోను తన ఇంటి వంటగదిలో తయారుచేసిన వ్యక్తి హైన్రిచ్ ఎంగెల్‌హార్డ్ స్టైన్‌వెగ్.

ఆయన 1797 ఫిబ్రవరిలో జర్మనీలోని హార్జ్ కొండల ప్రాంతంలో, వోల్ఫ్స్‌హాగెన్ గ్రామంలో జన్మించారు. చిన్న వయసులోనే అనాథ అయ్యారు. వడ్రంగం నేర్చుకుని సీజెన్ పట్టణంలో స్థిరపడ్డారు. 1825లో జూలియానాను వివాహమాడారు. 1836లో ఆ ఇంటి వంటగదిలోనే తన మొదటి గ్రాండ్ పియానోను పూర్తిచేశారు. దానికి 'వంటగది పియానో' అనే పేరే నిలిచిపోయింది.

1848 తిరుగుబాట్ల తర్వాత జర్మనీలో వ్యాపారం దెబ్బతింది. 1850లో పెద్దకొడుకు థియోడర్‌ను అక్కడే ఉంచి, మిగిలిన కుటుంబంతో ఆయన అమెరికాలోని న్యూయార్క్ చేరారు. అప్పటికి ఆయన వయసు 53 ఏళ్ళు. సొంత ఊళ్ళో యజమానిగా బతికిన మనిషి, కొత్త దేశపు పద్ధతులు తెలుసుకోవడానికి కొడుకులతో పాటు ఇతరుల పియానో కార్ఖానాల్లో కూలికి పనిచేశారు. అందుకు నామోషీ పడలేదు.

1853 మార్చి 5న తండ్రీకొడుకులు కలిసి 'స్టైన్‌వే అండ్ సన్స్' సంస్థను స్థాపించారు. ఇంటిపేరును ఆంగ్లేయుల పలుకుబడికి తగ్గట్టు మార్చుకున్నారు. కాని పాత శ్రమను మాత్రం వదులుకోలేదు. స్వదేశంలో చేసిన 482 పియానోలను లెక్కలో ఉంచుకుని, కొత్త సంస్థ మొదటి పియానోకు 483 అనే సంఖ్య వేశారు. అది 500 డాలర్లకు అమ్ముడయింది.

1859లో కొడుకు హెన్రీ, గ్రాండ్ పియానోలో తీగలను ఒకదానిపై ఒకటి ఏటవాలుగా దాటేలా అమర్చే పద్ధతికి పేటెంటు పొందాడు. 1865 మార్చి ఒక్క నెలలోనే హెన్రీ, చార్లెస్ ఇద్దరూ మరణించారు. ఆ పుత్రశోకంలోనూ సంస్థ ఆగలేదు. జర్మనీలోని తన వ్యాపారాన్ని అమ్మేసి థియోడర్ వచ్చి తండ్రికి తోడుగా నిలిచాడు. 1867 పారిస్ ప్రదర్శనలో వారి పియానోలు బంగారు పతకం గెలిచాయి. 1871 ఫిబ్రవరి 7న ఆయన కన్నుమూశారు.

మిత్రులారా! ఊరు వదిలి హాస్టల్‌కు వచ్చిన మనం చాలాసార్లు ఒకటి నుంచి మొదలు పెడుతున్నామనుకుంటాం. ఇంటి దగ్గర అమ్మానాన్నల పక్కన నేర్చుకున్న పని కూడా మన లెక్కలోదే. 483 అనే ఆ సంఖ్య మనకు చెప్పేది అదే.