సిపాయి రాసిన గ్రామర్ పుస్తకం

క్లాజ్ అనగానే ఇంగ్లీషు పుస్తకం మూసేసే తమ్ముళ్లు మన హాస్టల్లో ఎప్పుడూ ఉంటారు. వాళ్ల కోసం విలియం కాబెట్ గురించి రాస్తున్నాను.

కాబెట్ 1763లో ఇంగ్లండులోని ఫార్నమ్‌లో ఒక చిన్న రైతు ఇంట పుట్టాడు. చేలో పిట్టలు తోలుతూ, కలుపు తీస్తూ పెరిగాడు. అక్షరాలు దిద్దించింది తండ్రే. 1784లో సిపాయిగా చేరాడు. రోజు జీతం ఆరు పెన్నీలు. ఖర్చులు పోను వారానికి రెండు పెన్నీలు మిగిలేవట. అతని దస్తూరి బాగుందని కర్నల్ తన ఉత్తరాలకు నకళ్లు రాసే పని ఇచ్చాడు. గ్రామర్ నేర్చుకోమన్నదీ ఆయనే. కాబెట్ లౌత్ వ్యాకరణ పుస్తకం మొత్తాన్ని రెండు మూడుసార్లు చేత్తో ఎత్తి రాసి, కంఠతా పట్టాడు. కాపలాకు నిలబడిన ప్రతిసారీ మొదటినుంచి చివరిదాకా అప్పజెప్పుకునేవాడు. మంచం అంచే కుర్చీ, ఒళ్లో చెక్కముక్కే బల్ల. చలికాలం రాత్రి చలిమంట వెలుగే దీపం, అదీ తన వంతు వచ్చినప్పుడే. కలమో కాగితమో కొంటే తిండి తగ్గాల్సిందే. ఒకసారి చేప కొనుక్కుందామని దాచుకున్న అర పెన్నీ పోతే దుప్పటి ముసుగులో ఏడ్చాడు. కాస్మెటిక్ చార్జీల కోసం ఎదురుచూసిన మనకు ఆ ఏడుపు గురించి వేరే చెప్పాలా?

1802లో పత్రిక పెట్టాడు. సైనికులను కొరడాలతో కొట్టించడాన్ని విమర్శించి 1810 నుంచి 1812 దాకా జైల్లో ఉన్నాడు. మళ్లీ అరెస్టు తప్పదనిపించి 1817లో అమెరికా వెళ్లాడు. అతని గ్రామర్ పుస్తకం అక్కడే 1818లో అచ్చయింది. అది కొడుకు జేమ్స్‌కు రాసిన ఉత్తరాల రూపంలో ఉంటుంది. సిపాయిలు, నావికులు, పని నేర్చుకునే కుర్రాళ్లు, నాగలి దున్నే పిల్లల కోసమని పుస్తకం పేరులోనే చెప్పాడు. తప్పులకు ఉదాహరణలు మాత్రం రాజుగారి ప్రసంగం నుంచీ పెద్దల ఉత్తరాల నుంచీ ఏరాడు! ఇట్, విచ్ వంటి మాట కనిపిస్తే అది దేనికి బదులు నిలిచిందో చూడమంటాడు.

క్లాజ్ దగ్గర మనకు వచ్చే చిక్కు కూడా అదే. తెలుగులో ‘నిన్న వచ్చిన అబ్బాయి’ అంటాం. వివరం ముందు, అబ్బాయి తర్వాత. ఇంగ్లీషులో ‘ద బాయ్ హూ కేమ్ ఎస్టర్‌డే’. అబ్బాయి ముందు, ‘హూ’ వెంట వివరం. ‘ద బాయ్ హూ లివ్స్ విత్ మై బ్రదర్స్ ఈజ్ టాల్’ అనే వాక్యంలో ‘హూ’ నుంచి ‘బ్రదర్స్’ దాకా వేలితో మూసి చూడండి. ‘ఈజ్’ బ్రదర్స్‌ది కాదు, బాయ్‌దని తెలుస్తుంది. ఇది ఇంట్లో అడుగుదామంటే నాకు ఎవరూ లేరు, మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ని నేనే.

ఒక సంగతి దాచకూడదు. కూలీల పక్షాన అంత గట్టిగా నిలిచినవాడు నల్లజాతివారిని చులకన చేసి రాశాడు. బానిసల విడుదల కోసం పోరాడిన విల్బర్‌ఫోర్స్‌ను ఎద్దేవా చేశాడు. వివక్ష రుచి తెలిసిన మనం దీన్ని క్షమించలేం.

కాబెట్ 1832లో ఓల్డమ్ నుంచి పార్లమెంటుకు ఎన్నికై, సభ్యుడిగా ఉండగానే 1835 జూన్ 18న చనిపోయాడు.