పుల్లరి కట్టనన్న హనుమంతు

మా పల్నాట ఎండ ముదిరినప్పుడల్లా నాకు కన్నెగంటి హనుమంతు గుర్తొస్తాడు. ఆయన దుర్గి దగ్గర మించాలపాడు రైతు. అడవిలో గొడ్లు మేపినా, కట్టెపుల్ల తెచ్చుకున్నా పుల్లరి కట్టాలన్నారు తెల్లదొరలు. సహాయ నిరాకరణ రోజులవి. హనుమంతు ఊళ్ళని కూడగట్టి, పుల్లరి కట్టేది లేదని నిలబడ్డాడు. పల్నాటి ఊళ్ళు అధికారుల్ని వెలేసినై. 1922 ఫిబ్రవరిలో పోలీసులు ఆయన్ని కాల్చి చంపారు.

ఇయ్యాల పుల్లరి లేదు. చేలగట్ల మీద వేపల్ని మాత్రం మనమే కొట్టించి, ఇంటికొచ్చి ఏసీ వేసుకుంటన్నాం. మిరపకోతకి పోయిన ఆడకూలీకి ఆ చేలో నిలబడను నీడ లేదు.

పేదోడికీ అడవి మీద హక్కుందని ఆయన ప్రాణమిచ్చాడు. నీడ మీదా ఆ హక్కుంది. ఈ వానలకి గట్టున ఒక్క వేపన్నా నాటండి, ఉన్నదాన్ని కొట్టనీయమాకండి.