ఏ.ఎస్. రావు నగర్‌లో ఆ రావు గారు

ఉప్పల్ నుంచి నాచారం, మల్లాపూర్ దాటి ఈసీఐఎల్ వైపు వెళ్తే ఆ దగ్గర్లోనే ఏ.ఎస్. రావు నగర్ ఉంటుంది. మనలో చాలామందికి తెలిసిన ఏరియానే. ఆ రావు గారెవరని అడిగితే మాత్రం ఎవరో పాతకాలపు నాయకుడై ఉంటాడనుకుంటాం. కాదు, ఆయన మన బ్రాంచి మనిషి. ఎలక్ట్రానిక్స్!

అయ్యగారి సాంబశివరావు గారు 1914లో భీమవరం దగ్గరి మోగల్లులో పుట్టారు. కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో ఎమ్మెస్సీ చేసి, కొన్నేళ్లు అక్కడే పాఠాలు చెప్పారు. తర్వాత అమెరికాలో స్టాన్‌ఫర్డ్‌కి వెళ్లి ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ చదివారు. స్వాతంత్ర్యం వచ్చిన రోజుల్లో తిరిగొచ్చి హోమీ భాభా బృందంలో చేరారు. అణుశక్తి పరిశోధనకు కావలసిన ఎలక్ట్రానిక్ పరికరాలను ఇక్కడే తయారు చేసుకోవడం ఆయన పని.

అది ఎంత కష్టమో తెలియాలంటే గైగర్ కౌంటర్‌ని తీసుకోండి. రేడియేషన్‌ని పసిగట్టే ఆ ట్యూబుకి కొన్ని వందల వోల్టులు కావాలి. అప్పటి సర్క్యూట్లలో ట్రాన్సిస్టర్లు లేవు, వాల్వులే. పోర్టబుల్ వాల్వు ఫిలమెంటుకి ఒకటిన్నర వోల్టు చాలు, దాని ప్లేటుకి మాత్రం 60 నుంచి 90 వోల్టులు కావాలి. అంటే చేత్తో పట్టుకెళ్లే ఒక్క డబ్బాలో మూడు రకాల వోల్టేజీలు! చాలాసార్లు ఒక్కోదానికి ఒక్కో బ్యాటరీ పెట్టేవాళ్లు. పరికరం కన్నా బ్యాటరీల బరువే ఎక్కువయ్యేది. ట్రాన్సిస్టర్ వచ్చాక దారి మారింది. ఒకే బ్యాటరీ కరెంటుని వేగంగా ఆన్, ఆఫ్ చేసి, చిన్న ట్రాన్స్‌ఫార్మర్‌తో పెంచి, మళ్లీ డీసీ చేసుకోవచ్చు. మనం ఇవాళ వాడే బూస్ట్ కన్వర్టర్ కూడా ఈ ఆన్-ఆఫ్ పద్ధతి మీదే నడుస్తుంది.

1956 ఆగస్టులో ట్రాంబేలో అప్సర రియాక్టర్ నడిచింది. ఇంధనం బ్రిటన్ నుంచి వచ్చింది కానీ, కంట్రోల్ ఎలక్ట్రానిక్స్ మనవాళ్లే చేశారు. ఆ పని రావు గారి విభాగానిది. రియాక్టర్ కంట్రోల్ చేసేవాడు మొదట వేసుకోవాల్సిన ప్రశ్న ఒకటుంది: సప్లై పోతే ఏమవుతుంది? పోయినా రియాక్టర్ క్షేమంగా ఆగిపోయేలా ముందే డిజైన్ చేసి ఉండాలి. అక్కడ పవర్ సప్లై అనేది చివర్లో తగిలించే డబ్బా కాదు.

1963లో ప్రభుత్వం ఎలక్ట్రానిక్స్ కమిటీ వేసింది. భాభా, విక్రమ్ సారాభాయ్, మన సూరి భగవంతం గారు, రావు గారు అందులో సభ్యులు. 1966 జనవరిలో విమాన ప్రమాదంలో భాభా పోయారు. అయినా పని ఆగలేదు. 1967 ఏప్రిల్‌లో హైదరాబాద్‌లో ఈసీఐఎల్ మొదలైంది, రావు గారే దాన్ని నిలబెట్టారు. ట్రాంబేలో పుట్టిన టీడీసీ-12 కంప్యూటర్‌ని ఈ సంస్థే తయారుచేసి అమ్మింది. ఇసి టీవీ మన అమ్మమ్మలకు ఇంకా గుర్తే. 1972లో ఆయనకు పద్మభూషణ్ ఇచ్చారు. 2003లో కన్నుమూశారు.

ఆయన నాటిన సంస్థలోనే 1979లో ఓటింగ్ యంత్రం నమూనా తయారైంది. ఇప్పుడు దేశం వాడుతున్న యంత్రానికి ప్లగ్గు అవసరం లేదు. ఓటింగ్ యంత్రానికి 7.5 వోల్టుల ప్యాక్, ఓటు చీటీ చూపించే వీవీప్యాట్‌కి 22.5 వోల్టుల ప్యాక్. కరెంటు లేని తండాలో కూడా ఓటు పడుతుంది. అక్కడ బ్యాటరీ లెక్క తప్పితే పోయేది మార్కులు కాదు.

ఇక మన సంగతి. ప్రాజెక్టులో కోడ్ అంతా అయ్యాక, రివ్యూకి ముందురోజు రాత్రి గుర్తొచ్చేది పవర్ సప్లై. రెడీమేడ్ మాడ్యూల్ కొంటాం. కొనడం తప్పేమీ కాదు, లెక్క వేసుకోకుండా కొనడమే తప్పు. ఒక లిథియం సెల్ నుంచి 5 వోల్టుల దగ్గర 1 ఆంపియర్ కావాలనుకుందాం. కన్వర్టర్ ఎఫిషియెన్సీ 90 శాతం. సెల్ 3.7 వోల్టుల మీద ఉంటే దాన్నుంచి 1.5 ఆంపియర్లు లాగుతుంది. 3.2కి దిగితే అది 1.74 అవుతుంది. అంటే సెల్ నీరసించే కొద్దీ దాని మీద భారం పెరుగుతుందన్నమాట. వైర్లు, ఇండక్టర్, ప్రొటెక్షన్ సర్క్యూట్ అన్నీ ఆ రెండో అంకెకే ఎంచుకోవాలి. 3.3 వోల్టుల రైల్‌ది ఇంకో తిప్పలు. నిండు సెల్ 4.2 దగ్గర ఉంటుంది, ఖాళీ అయ్యేసరికి 3.3 కన్నా కిందికి దిగుతుంది. చివరిదాకా వాడుకోవాలంటే తగ్గించడం, పెంచడం రెండూ తెలిసిన బక్-బూస్ట్ కావాలి. సున్నితమైన సెన్సర్ ఉంటే స్విచ్చింగ్ నాయిస్ పోవడానికి దాని ముందు చిన్న లీనియర్ రెగ్యులేటర్ పెట్టాలి.

ఇవన్నీ తెలుసుకోవడానికి రావు గారి కాలంలో విదేశీ సామాను కోసం నెలలు ఎదురుచూడాల్సి వచ్చేది, లేదంటే సొంతంగా చేసుకోవాల్సి వచ్చేది. ఆయన రెండో దారి పట్టారు. మనకు డేటాషీట్ ఫోన్‌లోనే ఉంది. ఈ సెమిస్టర్‌లో బ్లాక్ డయాగ్రమ్ గీసేటప్పుడు బ్యాటరీ డబ్బాతో మొదలుపెట్టి చూడండి.