విప్పి చూచి నేర్చిన నాయుడుగారు

యంత్రం నడుస్తున్నంతకాలం దాని లోపల ఏమున్నదని అడిగేవారు అరుదు. అది ఆగిపోయిన తరువాత సయితం, బాగుచేసేవాడెక్కడ దొరుకుతాడని వెదుకుతామే కాని, మూత తీసి చూడవలెనన్న కుతూహలం నూటికొకరికైనా కలుగదు. అటువంటి కుతూహలమే పెట్టుబడిగా జీవితం ఆరంభించి, దక్షిణదేశపు పారిశ్రామిక చరిత్రలో చిరస్థాయి కీర్తి నార్జించిన తెలుగువారొకరు కోయంబత్తూరులో ఉండేవారు. గోపాలస్వామి దొరైస్వామి నాయుడన్నది ఆయన పూర్తి పేరు. లోకానికి ఆయన జి.డి. నాయుడుగారు.

విజయనగర ప్రభువుల కాలంలోను, ఆ తరువాతను తెలుగునాటి నుండి తరలిపోయి కొంగునాట స్థిరపడిన కుటుంబాలు అనేకం ఉన్నవి. ఇంటిలో తెలుగు, వీధిలో తమిళం వారి జీవితం. నగరి, సత్యవేడు ప్రాంతాల నెరిగిన మన చిత్తూరుసీమవారికి ఈ ద్విభాషా జీవనం కొత్త కాదు. అట్టి వ్యవసాయ కుటుంబంలో, కోయంబత్తూరు సమీపాన ఉన్న కలంగల్ గ్రామంలో, 1893 మార్చి 23న నాయుడుగారు జన్మించారు. శైశవంలోనే తల్లి గతించినది. బడి ఆయన నాకర్షింపలేదు. ప్రాథమిక తరగతులతోనే చదువు ముగిసినది. కుమారుడు అప్రయోజకుడవుతాడని తండ్రి పొలంపనిలో పెట్టాడు.

యౌవనారంభంలో ఒక చిన్న సంఘటన ఆయన జీవితగతిని మార్చినది. ఒకనాడు ఒక ఆంగ్లేయాధికారి మోటారు సైకిలుమీద ఆ ప్రాంతానికి వచ్చాడు. ఎద్దు లేదు, గుర్రం లేదు. బండి తనంత తానే పరుగెత్తుతున్నది. చూచినవారందరు అబ్బురపడి ఇండ్లకు వెళ్లారు. ఈ యువకుని మాత్రం ఆ దృశ్యం విడువలేదు. బండి కొనడానికి కావలసిన సొమ్ము కొరకు ఊరు విడిచి కోయంబత్తూరు చేరి, ఒక హోటలులో వడ్డనపనికి కుదిరి, పైసకు పైస కూడబెట్టాడు. చివరకు ఒక మోటారు సైకిలు సంపాదించాడు. అది ఇంగ్లండులో తయారైన రడ్జ్ బండి అని చెబుతారు.

మరొకరైతే ఆ బండి నెక్కి ఊరేగేవారు. నాయుడుగారు దానిని కూర్చుండబెట్టి భాగం భాగంగా విప్పారు. విప్పినదానిని తిరిగి బిగించారు. యంత్రశాస్త్రంలో ఆయన చదివిన మొదటి పాఠ్యగ్రంథం అదే.

ఆ గ్రంథంలో అతి కఠినమైన అధ్యాయం ఏదో పాఠకులు ఊహింపవచ్చును. చక్రం, గొలుసు, పిస్టను కంటికి కనబడే వస్తువులు. ఇంజనులోపల మంట పుట్టించే ఏర్పాటు అట్టిది కాదు. తొలినాటి మోటారుబండ్లలో కొన్నింటికి ఎఱ్ఱగా కాల్చిన గొట్టంతో మంట అందించేవారు. గాలి గట్టిగా వీచితే ఆరిపోయే ఏర్పాటది. 1902 ప్రాంతంలో జర్మనీదేశపు స్టుట్‌గార్టు నగరంలో, రాబర్టు బాష్ కర్మశాలలో, గాట్‌లోబ్ హోనోల్డ్ అనే ఇంజనీరు అధిక వోల్టేజీ మాగ్నెటోను, దానికి తగిన ప్లగ్గును రూపొందించాడు. పది సంవత్సరాలు గడిచేసరికి మేలురకపు మోటారు సైకిళ్లన్నింటను మాగ్నెటోయే నెలకొన్నది.

దాని పని చిత్రమైనది. అయస్కాంతపు కొనల నడుమ తీగ చుట్టిన ఆర్మేచరు తిరుగుతుంది. తిరిగేకొలది తీగలో విద్యుత్తు పుడుతుంది. సరియైన క్షణంలో రెండు చిన్న పాయింట్లు విడివడి ఆ ప్రవాహాన్ని తెంచుతవి. తెగిన మరుక్షణం పక్కనున్న సన్నతీగ చుట్టలో వేలకొలది వోల్టుల ఒత్తిడి ఏర్పడి, ప్లగ్గు కొనవద్ద నిప్పురవ్వ ఎగురుతుంది. ఆ రవ్వతో పెట్రోలు కలిసిన గాలి మండి పిస్టనును నెట్టుతుంది. బ్యాటరీ అక్కరలేదు. ఇంజను తిరిగితే చాలును, తనకు కావలసిన నిప్పును తానే పుట్టించుకొంటుంది. నిమిషానికి రెండువేల చుట్లు తిరిగే నాలుగు స్ట్రోకుల ఇంజనుకు, సిలిండరు ఒక్కంటికి, నిమిషానికి వేయి రవ్వలు కావలె. రవ్వ వేళకు ముందు పడితే బండి వెనుకకు తన్నుతుంది. ఆలస్యమైతే శక్తి చాలక వేడెక్కుతుంది. కావున ఆనాటి బండ్ల చేతికమ్మీకి ఒక మీట ఉండేది. బండిని లేపేటప్పుడు రవ్వను వెనుకకు, వేగం హెచ్చినప్పుడు ముందుకు జరపడం నడిపేవాని పని. యంత్రం హృదయం తెలియనిదే ఆ బండి నడపడం సాధ్యం కాదు. ఆ విద్యను నాయుడుగారు గురువు లేకుండానే సాధించారు.

నడుమ పత్తి వ్యాపారంలో దిగి ధనం గడించారు. బొంబాయి వర్తకంలో దానిని పోగొట్టుకొన్నారు. కోయంబత్తూరులో పేరుపొందిన ఆంగ్లేయ పారిశ్రామికుడు సర్ రాబర్టు స్టేన్స్ ఆయన సామర్థ్యాన్ని గుర్తించి చేయూత నిచ్చాడు. 1920లో ఒక్క బస్సుతో పొళ్లాచ్చి, పళని ఊళ్ల మధ్య ప్రయాణికులను చేరవేయసాగారు. బస్సు నడిపినది స్వయంగా నాయుడుగారే. కొన్ని సంవత్సరాలకు ఆ ఒక్క బస్సు యూనివర్సల్ మోటార్ సర్వీసు అనే పెద్ద సంస్థగా పెరిగినది. వేళ తప్పక నడిచే బస్సులని దానికి పేరు.

బస్సుల మరమ్మతుతో అలవడిన బుద్ధి కొత్త వస్తువుల సృష్టికి దారితీసినది. 1937లో డి. బాలసుందరం నాయుడుగారితో కలిసి ఆయన తయారుచేసిన విద్యుత్ మోటారు దేశంలో తొలి మోటారుగా ప్రసిద్ధి కెక్కినది. పొడి బ్యాటరీతో పనిచేసే రాసంట్ అనే క్షౌరయంత్రం జర్మనీలో తయారై అమ్ముడుపోయినది. పండ్లరసం తీసే యంత్రం, కిరసనాయిలుతో తిరిగే పంకా, మోసానికి వీలులేని ఓటు యంత్రం ఆయన బుద్ధినుండి వెలువడినవే. ఛాయాగ్రహణమందును అభిలాష మెండు. 1936లో లండనులో జరిగిన అయిదవ జార్జి చక్రవర్తి అంత్యయాత్రను ఆయన స్వయంగా చలనచిత్రంగా తీశారు.

తాను బడిలో చదువలేకపోయినా, ఇతరులకు విద్య నేర్పవలెనన్న తపన నాయుడుగారికి అధికం. మద్రాసు గవర్నరు సర్ ఆర్థర్ హోప్ పేరు మన తిరుపతివారికి పరిచితమే. 1944లో తిరుమల కొండకు తొలి ఘాట్ రోడ్డు తెరచినది ఆయన హయాములోనే. ఆ గవర్నరు పేరిటనే మరుసటి సంవత్సరం కోయంబత్తూరులో సాంకేతిక విద్యాలయం వెలసినది. అందుకు మూలపురుషుడు, ప్రిన్సిపాలు నాయుడుగారే. పనిచేసి నేర్చుకొనేవానికి నాలుగేండ్ల ఇంజనీరింగు చదువు అనవసరం, రెండేండ్లు చాలునని ఆయన వాదం. ప్రభుత్వం అంగీకరింపలేదు, ఆయన పదవిని వదులుకొన్నారు. అధ్యాపకవృత్తిలో ఉన్నవారికి ఈ వాదం అతిగా తోచవచ్చును. గణితం, సిద్ధాంతం తొందరపెడితే వచ్చేవి కావు. కాని, నాలుగేండ్లు చదివి ఒక్క మరయైనా విప్పని పట్టభద్రులను చూచినప్పుడు, ఆయన మాటలో సగమైనా సత్యమున్నదని ఒప్పుకోక తప్పదు. ఆ సంస్థయే నేడు కోయంబత్తూరు ప్రభుత్వ సాంకేతిక కళాశాల.

1952లో ఇద్దరు కూర్చుండదగిన చిన్న కారును రూ. 2,000 ధరకు అందింపగలనని తయారుచేసి చూపారు. లైసెన్సు రాలేదు, కారు వీధికెక్కలేదు. పన్నుల భారానికి నిరసనగా తన సృష్టులను తానే బహిరంగంగా పగులగొట్టిన ఘట్టమొకటి ఆయన జీవితంలో ఉన్నది. ఒక చేయి నిర్మించినదానిని అదే చేయి ధ్వంసం చేయడం ఎంత న్యాయమైన కోపానికైనా శోభ గూర్చదు. అయినను, అటువంటి మనిషికి అంత కోపం వచ్చే స్థితిని కల్పించిన కాలం సయితం తప్పునుండి తప్పించుకొనజాలదు.

ఇక నేటి మాట. పాత వాహనాలమీద మోజు మన పట్టణాలలో హెచ్చుతున్నది. 1950ల నడుమ నుండి మద్రాసు చెంత తిరువొత్తియూరులో రూపొందిన బుల్లెట్లను తాతలు వాడి వదలగా మనుమలు తిరిగి లేపుతున్నారు. ఆ బండ్లలో మాగ్నెటోకు బదులు బ్యాటరీ, కాయిలు వచ్చినవి కాని, పాయింట్లు, కండెన్సరు మిగిలే ఉన్నవి. పాయింట్ల నడుమ ఎడము మిల్లీమీటరులో మూడవవంతుకు కొంచెం మించి ఉండవలె. అవి అరిగి ఎడము మారితే ఎక్కుడులో బండి నీరసిస్తుంది. కాబట్టి కొందరు వాటిని తీసివేసి, అరుగుదల లేని ఎలక్ట్రానిక్ పరికరాన్ని అమర్చుతున్నారు. వేగాన్నిబట్టి రవ్వను ముందుకు వెనుకకు జరిపే పనిని సర్క్యూటే చూచుకొంటుంది.

పాత బండిలో కొత్త పరికరం పెట్టడం అపచారమని కొందరు అభిమానులు వాదిస్తారు. విప్పిన పాత భాగాలను పారవేయక భద్రపరచితే ఆ చింత అక్కరలేదు. అసలు ప్రమాదం వేరొకటి. పాయింట్లు చెడితే బాటప్రక్కన కూర్చుండి ఉప్పుకాగితంతో రుద్ది బండి లేపవచ్చును. మూసిన పెట్టెలోని ఎలక్ట్రానిక్ పరికరం చెడితే మార్చడమే గాని బాగుచేయడం లేదు. సౌకర్యం వచ్చినది, విప్పి చూచే అవకాశం తగ్గినది. పాతదానిని పూర్తిగా అర్థం చేసికొన్నవాడు కొత్తదానిని అమర్చితే అది అభివృద్ధి. అర్థం కాలేదు గనుక మార్చివేస్తే అది కేవలం కొనుగోలు. నాయుడుగారి జీవితం మన యువకులకు బోధించేది ఈ భేదమే.

1974 జనవరి 4న, ఎనుబది ఏండ్ల వయస్సులో, నాయుడుగారు కన్నుమూశారు. ఆయన కూర్చిన యంత్రాలు కోయంబత్తూరు అవినాశి రోడ్డులోని ప్రదర్శనశాలలో ఉన్నవి. చిత్తూరు నుండి ఆ ఊరు దూరమే అయినా, మన కళాశాలల విద్యార్థులను ఒకసారి అక్కడకు తీసికొనిపోవడం మంచిది. తిరిగివచ్చిన తరువాత వారి చేతికి చెడిపోయిన ఇంజనొకటి, నాలుగు స్పానర్లు ఇచ్చి, విప్పమని చెప్పడం మరింత మంచిది.