డాక్టరు డుబాయిస్: ఒక యక్షరమునకై పోరాటము

మన లిపిలో పెద్దక్షరము, చిన్నక్షరము అను భేదము లేదు. కావున అమెరికాలో మహాపండితు లొకరు ఒక్క యక్షరమును పెద్దదిగా అచ్చువేయించుటకై 30 ఏండ్లు పోరాడిరని చెప్పినచో మన పాఠకులకు వింతగా తోచవచ్చును. ఇంగ్లీషులో మనుష్యుల పేళ్లును, దేశముల పేళ్లును, జాతుల పేళ్లును పెద్దక్షరముతో మొదలగును. గుఱ్ఱము, బల్ల, బొగ్గు మున్నగునవి చిన్నక్షరముతో మొదలగును. ఐరిషువారికి పెద్దక్షరము, యూదులకు పెద్దక్షరము, చీనావారికి పెద్దక్షరము; నీగ్రోలకు మాత్రము చిన్నక్షరము. దీనికి మన భాషలో సామ్యము వెదకినచో, వారు వచ్చిరి అనుటకును వాడు వచ్చెను అనుటకును గల యంతరమే యని చెప్పవలెను. క్రియ చివరనుండు ఆ చిన్న ముక్కలో ఎంత యవమానము పట్టునో మన గ్రామములలోని పాలేళ్లకు తెలిసినంతగా భూస్వాములకు తెలియదు.

విలియం ఎడ్వర్డు బర్గార్టు డుబాయిస్‌గారు 1868 ఫిబ్రవరి 23వ తేదీన మసాచుసెట్సు రాష్ట్రమందలి గ్రేట్ బారింగ్టను అను చిన్న పట్టణమున జన్మించిరి. బానిసత్వము రద్దయి అప్పటికి మూడేండ్లైనను నిండలేదు. తండ్రి పసితనముననే విడిచిపోగా తల్లియే పెంచినది. బడిలో పిల్లలు వేడుకకు పేరుచీటీలు మార్చుకొనుచుండగా, క్రొత్తగా వచ్చిన యొక బాలిక వీరి చీటీని మాత్రము పుచ్చుకొనక త్రోసివేసెను. తాను తక్కిన పిల్లలవంటివాడను కానని తనకు తెలిసినది ఆనాడే యని ఆయన తరువాత వ్రాసికొనిరి. టెనెస్సీలోని ఫిస్కు విద్యాలయమునను, పిదప హార్వర్డునను, జర్మనీలోని బెర్లినునను చదివి, 1895లో హార్వర్డు డాక్టరు పట్టమును పొందిరి. ఆ జాతివారిలో అచ్చట ఆ పట్టము పొందిన ప్రథములు వీరే. తమ పేరును ఫ్రెంచివారి పేరువలె పలుకుట ఆయనకు సరిపడదు. డుబాయిస్ అని చివర నొక్కి పలుకవలెనని కోరుచుండిరి. పేళ్ల విషయమున ఆయన పట్టుదల సొంత పేరుతోనే మొదలైనదనవచ్చును.

1896లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమువారు ఫిలడెల్ఫియాలోని నల్లవారి స్థితిగతులను విచారించుటకు ఆయనను నియమించిరి. నగరములో ఏడవ వార్డున నివసించి, ఇంటింటికి తిరిగి, వేలకొలది జనుల సంపాదన, చదువు, ఆరోగ్యము, అద్దెలు అన్నియు స్వయముగా లెక్కవ్రాసి, 1899లో పెద్ద గ్రంథము ప్రకటించిరి. ఆ గ్రంథములోనే యొక చోట అడుగున చిన్న వ్రాతలో, నీగ్రో అను పదమును తాను పెద్దక్షరముతో వ్రాయుచున్నాననియు, ఎనుబది లక్షల అమెరికనులకు ఒక పెద్దక్షరము పొందు నర్హత యున్నదని తన నమ్మకమనియు తెలిపిరి. పోరాటమునకు నాంది యదియే.

ఆ పదమునే యేల యెన్నుకొనిరో తెలియవలెనన్నచో వెనుకకు పోవలెను. నల్లనిది యని అర్థమిచ్చు నీగ్రో శబ్దము స్పెయిను, పోర్చుగలు భాషలనుండి బానిస వ్యాపారముతో వచ్చినది. 18వ శతాబ్ది చివరను, 19వ శతాబ్ది మొదటను స్వతంత్రులైన నల్లవారు తమను ఆఫ్రికనులని చెప్పుకొనుచు, తమ బడులకును, చర్చీలకును ఆ పేరే పెట్టుకొనిరి. ఇంతలో 1816లో తెల్లవారు కొందరొక సంఘము పెట్టి, స్వతంత్రులైన నల్లవారిని ఓడలనెక్కించి ఆఫ్రికాకు పంపివేయ యత్నించిరి. తాము పుట్టిన దేశమునుండి వెళ్లగొట్టుటకు తమ పేరే సాకగునని భయపడి, 1835లో ఫిలడెల్ఫియాలో కూడిన నల్లవారి మహాసభ తమ సంస్థల పేళ్లనుండి ఆఫ్రికను అను మాటను తీసివేయుడని సలహా యిచ్చెను. తరువాత మర్యాదగల మాట కలర్డు, అనగా రంగుగలవారు అనునది. కాని దక్షిణ రాష్ట్రములలో రైలుపెట్టెలపైనను, కుళాయిలపైనను, వేచియుండు గదుల వాకిళ్లపైనను తెల్లవారికి వేఱుగా, కలర్డువారికి వేఱుగా పలకలు వ్రేలాడదీసినపుడు ఆ మాటకు ఏ మర్యాద మిగులును? ఇక బానిసల యజమానులు నీగ్రో శబ్దమును వికృతము చేసి తిట్టుగా వాడిన మాటను మేమిచ్చట వ్రాయము.

1909లో నల్లవారి హక్కులకై స్థాపింపబడిన జాతీయ సంఘమునకు వీరు స్థాపకులలో నొకరు. దాని పేరులో కలర్డు అను మాటయే యున్నది. 1910 నవంబరునుండి 1934 వరకు ఆ సంఘ పత్రికయైన క్రైసిస్‌ను వీరే నడపిరి. వేయి ప్రతులతో మొదలైన పత్రిక పదేండ్లలో లక్ష ప్రతులవఱకు పోయెను. దక్షిణాదిలో మనుష్యులను చెట్లకు వ్రేలాడదీసి చంపుచుండిన ఘోరములను నెలనెలయు లెక్కతో ప్రకటించుట దాని ముఖ్య కార్యములలో నొకటి. లాలా లజపతిరాయిగారు అమెరికాలో ప్రవాసముండిన కాలమున వీరికి మిత్రులైరి. 1929 జూలై క్రైసిస్‌లో గాంధీమహాత్ముని సందేశము ప్రచురింపబడెను. బానిసల సంతతియై పుట్టుట సిగ్గుకాదనియు, బానిసల నేలినవారగుటయే సిగ్గనియు దాని భావము.

1928లో ఇండియానా రాష్ట్రమునుండి యొక పాఠశాల బాలుడు ఈ పత్రికకు జాబు వ్రాసెను. నీగ్రో యను మాట తెల్లవారు మనలను తక్కువ పఱచుటకు పెట్టినదే కదా, మన పత్రికయే దాని నేల వాడవలె నని యతని ప్రశ్న. డుబాయిస్‌గారు దానికి సుదీర్ఘముగ బదులిచ్చిరి. పేరు వేఱు, వస్తువు వేఱు. ద్వేషించువాడు ఏ పేరు పెట్టినను ద్వేషించును. పేరు మార్చినంత మాత్రమున స్థితి మారదు. వాడుకలో స్థిరపడిన మాటను ఒకరిద్దరు తీర్మానించి తీసివేయజాలరు, అని ఆయన వాదము.

పెద్దవారి వాదమే యైనను, ఇందు సగమే సత్యమని మాకు తోచుచున్నది. పేరు వట్టి చీటీయే యైనచో, దాని మొదటి యక్షరమునకై ఆయన సంపాదకులకు, ప్రచురణకర్తలకు ఏండ్లతరబడి జాబులేల వ్రాయవలెను? చీటీని త్రోసివేసిన బాలికను ముసలితనము వఱకు ఏల మఱవకుండవలెను? ఇండియానా బాలుని ప్రశ్న ఆయనదియే. అయితే బాలుడు ఆ పేరును పారవేయగోరెను. ఆయన దానిని లేవనెత్తి నిలబెట్టగోరిరి. ఇతరులు తిట్టిరి గదాయని ఇల్లు విడిచిపోవుట ఆయన స్వభావము కాదు.

1930 మార్చి 7వ తేదీన న్యూయార్కు టైమ్సు పత్రిక ఇకమీదట ఆ పదమును పెద్దక్షరముతో వేయుదుమని ప్రకటించెను. టస్కెజీ విద్యాలయాధిపతి మోటనుగారును, జాతీయ సంఘమువారును చేసిన కృషియు ఇందు చేరియున్నది. అచ్చుగూడులో సీసపు దిమ్మ యొకటి మార్చుటకు 30 ఏండ్లు!

తరువాతి జీవితమును క్లుప్తముగ చెప్పుదుము. సంఘముతో విరోధము వచ్చెను. 1951లో విదేశ ప్రభుత్వపు ఏజెంటను నేరముపై 83వ యేట కోర్టున నిలిచి, నిర్దోషియై వెలువడిరి. అటుపై ప్రభుత్వము 1958 వఱకు పాసుపోర్టు ఈయకుండుటచేత 1957లో ఘానా స్వాతంత్ర్యోత్సవమునకు పోజాలకపోయిరి. 1961లో కమ్యూనిస్టు పార్టీలో చేరి, ఘానాకు వెడలి, అచ్చటి పౌరులై, 1963 ఆగస్టు 27వ తేదీన ఆక్రా నగరమున 95వ యేట కాలధర్మము నొందిరి. మఱునాడు వాషింగ్టనులో లక్షలాది జనులు కూడియుండగా ఆ మరణవార్త వినిపింపబడినది. ఆనాడు మార్టిన్ లూథర్ కింగుగారు తమ ప్రసిద్ధోపన్యాసములో మాటిమాటికి వాడినది నీగ్రో పదమే.

ఆ పదమునకు అదియే మధ్యాహ్నము. 1966లో స్టోక్లీ కార్మైకేలు మొదలగు యువకులు నలుపే బలమని నినదించిరి. అంతకుముందు నల్లవాడా యన్నచో నల్లవారి పిల్లలే కలహించుచుండిరి. కొన్నియేండ్లలో ఆ మాట గౌరవవాచకమయ్యెను, నీగ్రో యనునది తాతలనాటి మాటయై, ముఖముపై అన్నచో మనసు నొప్పించునదియు నయ్యెను. 1988లో జెస్సీ జాక్సనుగారు ఆఫ్రికన్ అమెరికను అను పేరును ముందుకు తెచ్చిరి. 1835లో వదలిన పేరు చుట్టు తిరిగి వచ్చినది. 2013లో జనగణనశాఖవారు తమ పత్రములనుండి నీగ్రో పదమును తీసివేయ నిశ్చయించిరి. 2016లో ఒబామాగారు సంతకము చేసిన శాసనముతో అది సంయుక్తరాష్ట్రముల చట్టములనుండియు తొలగెను. 2020లో న్యూయార్కు టైమ్సు బ్లాక్ అను పదమునకు పెద్దక్షరము నిచ్చెను. మరల అదే కథ, మరియొక పదమునకు. డుబాయిస్‌గారు తమ గ్రంథముల పేళ్లలో 1903లోను, 1935లోను వాడుకొన్న పదమే యిది.

మన తెలుగు పత్రికలును చిరకాలము నీగ్రోలనియే వ్రాసినవి. అది తప్పను భావముతో కాదు; వారే అట్లు చెప్పుకొనుచుండిరి. హైదరాబాదులో హబ్షీలనిరి; నైజాముగారి ఆఫ్రికా ఆశ్వికదళము పేరు నేటికిని ఏ.సి. గార్డ్సు అను పేటకు నిలిచియున్నది. ఇకమీదట మేము ఆ కాలపు చరిత్ర వ్రాయునపుడు ఆ కాలపు మాటను, నేటివారిని గూర్చి వ్రాయునపుడు నల్లజాతివారని వ్రాయుదుము. క్రియను బహువచనమున నుంతుము. మంచి యుద్దేశమున్న చాలును, మాటదేమున్నదని కొందరు పాఠకులు మమ్మడుగవచ్చును. గాంధీగారు దక్షిణాఫ్రికాలో తొలినాళ్ల వ్రాతలలో అచ్చటి ప్రజలను తెల్లవారివలెనే కాఫిరులనిరి. నేడా మాట ఆ దేశమున ఘోరమైన తిట్టు. 2018లో దానిని పోలీసులపై పలుమారు ప్రయోగించిన యొక స్త్రీకి న్యాయస్థానము కారాగారశిక్ష విధించెను. అదే సంవత్సరము డిసెంబరులో, డుబాయిస్‌గారు తుదిశ్వాస విడిచిన ఆక్రా నగరముననే, మన రాష్ట్రపతి 2016లో ఆవిష్కరించిన గాంధీ విగ్రహమును, ఆ వ్రాతలను చూపి అధ్యాపకులును విద్యార్థులును ఆక్షేపింపగా, విశ్వవిద్యాలయ ప్రాంగణమునుండి తొలగించిరి.